మాక్ టెస్టుల్లో సెంటెన్స్ కరెక్షన్ దగ్గరే మార్కులు పోతున్నాయి, ఎలా ప్రాక్టీస్ చేయాలి?

జమ్మికుంట_రీడర్ | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇంటర్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. బ్యాంక్ ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ క్లర్క్, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షలు రెండింటికీ ప్రిపేర్ అవుతున్నాను. రీజనింగ్, క్వాంట్ బాగానే వస్తున్నాయి. రీడింగ్ కాంప్రహెన్షన్ కూడా ఎలాగోలా లాగుతున్నాను. ఎర్రర్ స్పాటింగ్, సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్, ఫ్రేజ్ రీప్లేస్‌మెంట్ వచ్చేసరికి మాత్రం వాక్యం ఎన్నిసార్లు చదివినా అన్ని ముక్కలూ కరెక్ట్‌గానే కనిపిస్తాయి. "నో ఎర్రర్" పెట్టేస్తాను, తప్పవుతుంది. గ్రామర్ రూల్ పుస్తకంలో చదివినప్పుడు అర్థమవుతుంది, అదే రూల్ ప్రశ్నలో దాక్కుంటే దొరకదు.

నిన్నటి మాక్‌లో పోయినవి ఇవి:

"ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ సోల్డ్ ఇన్ దీజ్ మార్కెట్స్ హావ్ ఇంప్రూవ్డ్."
"ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ బ్రాంచ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్."
"వాకింగ్ అలాంగ్ ద రోడ్, ఎ డాగ్ బిట్ హిమ్."
"ద క్లైమేట్ ఆఫ్ విశాఖపట్నం ఈజ్ బెటర్ దాన్ విజయవాడ."

నాలుగింటిలోనూ తప్పు ఉందని కీ చెబుతోంది. కోచింగ్‌కి డబ్బు పెట్టే పరిస్థితి ఇప్పుడు లేదు. ఇంట్లోనే కూర్చుని దీన్ని ఎలా దారిలో పెట్టుకోవాలి?

నంద్యాల_హాస్టల్ | సోమవారం రాత్రి 9:40

బ్రో, రోజూ ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్ చదువు. ఆరు నెలలు చదివితే గ్రామర్ దానంతట అదే వస్తుంది. మా రూమ్‌లో అందరం అదే చేస్తున్నాం.

అశోక్‌నగర్_మెట్లు | సోమవారం రాత్రి 10:05

ఎడిటోరియల్ చదవడం మంచిదే, ఒకాబులరీకి, రీడింగ్ కాంప్రహెన్షన్‌కి చాలా ఉపయోగం. ఎర్రర్ స్పాటింగ్‌కి అదొక్కటే చాలదన్నది నా అభిప్రాయం. పేపర్‌లో వచ్చేవన్నీ సరైన వాక్యాలే కదా. తప్పు వాక్యం ఎలా ఉంటుందో, అందులో ఎక్కడ చూడాలో ఎడిటోరియల్ నేర్పదు. చదవడం ఒక పని, వెతకడం వేరే పని.

కౌంటర్_అక్క | సోమవారం రాత్రి 10:48

తమ్ముడూ, నేను ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసర్‌ని. సెలవుల్లో మా ఊళ్లో పిల్లలకి బ్యాంక్ పరీక్షల ఇంగ్లీష్ చెబుతుంటాను. మీ వాక్యాలు చూడగానే మా పిల్లల ముఖాలే గుర్తొచ్చాయి, వాళ్లూ అచ్చంగా వీటి దగ్గరే ఆగుతారు.

వాటిని తెలుగులో అనుకుని చూడండి. "ఐదేళ్ల నుంచి ఈ బ్రాంచిలో పనిచేస్తున్నాను." తప్పేముంది? "రోడ్డు మీద నడుస్తుంటే కుక్క కరిచింది." ఏమీ లేదు. "విశాఖ వాతావరణం విజయవాడ కంటే బాగుంటుంది." రోజూ అనుకునే మాటే. మనం ఇంగ్లీష్ వాక్యం చదువుతూనే లోపల దాన్ని తెలుగులో వింటున్నాం. తెలుగులో బాగుంది కాబట్టి ఇంగ్లీష్‌లోనూ బాగుందని వదిలేస్తున్నాం. అందుకే "వినడానికి బాగుందా లేదా" అని చూసే పద్ధతిని నమ్ముకోవద్దు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఇంగ్లీష్ విన్నవాళ్లకి అది కొంతవరకు పనిచేస్తుంది. మనం కంటితో వెతకాలి.

ఎలాగంటే, ముందు వాక్యంలో వెర్బ్ ఎక్కడుందో పట్టుకోండి. ఒకటే ఉందా, రెండున్నాయా? ప్రతి వెర్బ్‌కీ దాని సబ్జెక్ట్ ఏదో వేలు పెట్టి చూపించగలగాలి. మధ్యలో "ఆఫ్", "ఇన్", "విత్", "అలాంగ్ విత్", "యాజ్ వెల్ యాజ్" తో మొదలయ్యే ముక్కలన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. మీ మొదటి వాక్యంలో మామిడిపళ్లు, మార్కెట్లు కొట్టేస్తే మిగిలేది "ద క్వాలిటీ... హావ్ ఇంప్రూవ్డ్". ఇప్పుడు చిన్నపిల్లలకైనా తెలుస్తుంది, "హాజ్" ఉండాలని. ప్రశ్న తయారుచేసేవాళ్లు సబ్జెక్ట్‌ని, వెర్బ్‌ని దూరం చేసి, వెర్బ్ పక్కన కావాలనే ఒక ప్లూరల్ పదం పెడతారు. "మార్కెట్స్ హావ్" అని పక్కపక్కన కనిపించేసరికి మన మనసు ఒప్పేసుకుంటుంది.

రెండో వాక్యంలో టైమ్ చెప్పే పదం చూడాలి. మనకి "2019 నుంచి", "ఐదేళ్ల నుంచి" రెండింటికీ "నుంచి" ఒకటే. ఇంగ్లీష్‌లో మొదలైన క్షణానికి "సిన్స్", గడిచిన కాలానికి "ఫర్". పైగా అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "యామ్ వర్కింగ్" చాలదు, "హావ్ బీన్ వర్కింగ్" కావాలి. ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయన్నమాట. పరీక్షలో సాధారణంగా ఒకటే ఉంచుతారు. "హావ్ బీన్ వర్కింగ్" అని సరిగ్గా ఇచ్చి "సిన్స్ ఫైవ్ ఇయర్స్" పెడతారు, లేదంటే "ఫర్ ఫైవ్ ఇయర్స్" సరిగ్గా ఇచ్చి టెన్స్ మారుస్తారు. రెండూ చూడటం అలవాటు చేసుకోండి.

నాలుగోది పోలిక. దేన్ని దేనితో పోలుస్తున్నామో అడగాలి. విశాఖ వాతావరణాన్ని విజయవాడ అనే ఊరితో పోల్చారు. వాతావరణాన్ని వాతావరణంతోనే పోల్చాలి, కాబట్టి "దాన్ దట్ ఆఫ్ విజయవాడ". ఇది ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల్లోనూ బ్యాంకుల్లోనూ చాలా ఇష్టంగా అడిగే తప్పు.

కుక్క వాక్యం సంగతి రేపు రాస్తాను, డ్యూటీ ఉంది.

జమ్మికుంట_రీడర్ | సోమవారం రాత్రి 11:20

అక్కా, చాలా థాంక్స్. కొట్టేసి చూడటం ఇప్పుడే ఒక పాత పేపర్ మీద చేశాను. "ద మేనేజర్, అలాంగ్ విత్ హిజ్ అసిస్టెంట్స్, వర్ ప్రెజెంట్" అనే వాక్యం వచ్చింది. మధ్యది తీసేస్తే "ద మేనేజర్ వర్" మిగిలింది. "వాజ్" ఉండాలి. కరెక్టేనా?

అశోక్‌నగర్_మెట్లు | సోమవారం రాత్రి 11:31

కరెక్ట్. కానీ "అలాంగ్ విత్" బదులు "అండ్" ఉంటే ఇద్దరూ సబ్జెక్టే అవుతారు, "వర్" సరిపోతుంది. "నైదర్ ద మేనేజర్ నార్ హిజ్ అసిస్టెంట్స్" అంటే వెర్బ్‌కి దగ్గరగా ఉన్నదాన్ని బట్టి "వర్". ఈ మూడూ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకో. విడివిడిగా చదివితే కలిసిపోతాయి.

తెలుగు_సార్ | మంగళవారం ఉదయం 6:25

నేను రిటైరైన హైస్కూల్ తెలుగు ఉపాధ్యాయుడిని. అక్కయ్యగారు చెప్పింది బాగుంది, ఒక్క విషయంలో మాత్రం కొంచెం పక్కకి వస్తాను. తెలుగు మన దారికి అడ్డమని పిల్లలు అనుకోకూడదు. సరిగ్గా వాడుకుంటే తెలుగే తప్పు పట్టిస్తుంది.

కుక్క వాక్యమే తీసుకోండి. మనకి "నడుస్తూ" వేరు, "నడుస్తుంటే" వేరు. "నడుస్తూ" అన్నామంటే ఆ తర్వాత పని చేసేది కూడా ఆ నడిచేవాడే కావాలి. "నడుస్తుంటే" అన్నప్పుడు నడిచేది ఒకరు, తర్వాతి పని చేసేది ఇంకొకరు కావచ్చు. ఇంగ్లీష్‌లో వాక్యం మొదట్లో వచ్చే "వాకింగ్" మన "నడుస్తూ" తో సమానం. ఇప్పుడు ఆ వాక్యాన్ని అలా చదవండి: "రోడ్డు మీద నడుస్తూ, ఒక కుక్క అతన్ని కరిచింది." నడిచింది ఎవరు? కుక్క! మీ తెలుగు చెవే అభ్యంతరం చెబుతుంది. కాబట్టి వాక్యం "ఇంగ్" పదంతో మొదలైతే దాన్ని "-తూ" అని చదువుకుని, కామా తర్వాత మొదట వచ్చిన మనిషికో వస్తువుకో అతుకుతుందేమో చూడండి. అతకకపోతే తప్పు అక్కడే. "వాకింగ్ అలాంగ్ ద రోడ్, హీ వాజ్ బిటెన్ బై ఎ డాగ్" అంటే సరిపోతుంది.

ఇంకొకటి. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అని చాలామంది రాస్తారు. మనం "అతను ఎక్కడున్నాడు?" అని అడిగేటప్పుడు ఒకలా అంటాం, "అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు" అనేటప్పుడు చివర "ఓ" చేరుస్తాం. ప్రశ్న మరో వాక్యంలో ఇమిడిపోయిందనడానికి ఆ "ఓ" గుర్తు. తెలుగులో "ఓ" వచ్చిన చోట ఇంగ్లీష్‌లో ముందు సబ్జెక్ట్, తర్వాత వెర్బ్. "వేర్ హీ ఈజ్". "ఎందుకు వచ్చాడో", "ఎంత ఖర్చయిందో", "ఎవరు చెప్పారో" అన్నీ ఇంతే.

నంద్యాల_హాస్టల్ | మంగళవారం ఉదయం 7:02

సార్, "-తూ" సంగతి ఇప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదు. డాంగ్లింగ్ మాడిఫయర్ అని పేరు బట్టీపట్టాం అంతే. రూమ్‌లో అందరికీ చూపించాను. మరి "హావింగ్ ఫినిష్డ్" తో మొదలైతే?

తెలుగు_సార్ | మంగళవారం ఉదయం 7:30

అప్పుడు "ముగించి" అని చదువుకో నాయనా. "హావింగ్ ఫినిష్డ్ ద వర్క్, ద లైట్స్ వర్ స్విచ్డ్ ఆఫ్." పని ముగించి, లైట్లు ఆర్పబడ్డాయట. పని ముగించింది లైట్లా? తప్పు దొరికింది. ఒక్క జాగ్రత్త: తెలుగులో "వర్షం పడి పంట పోయింది" అనడం కూడా ఉంది, అక్కడ కర్తలు ఇద్దరైనా మనకి తప్పు కాదు. ఇంగ్లీష్ ఆ వెసులుబాటు ఇవ్వదు.

కౌంటర్_అక్క | మంగళవారం రాత్రి 8:55

సార్, నమస్కారం. మీరు చెప్పింది రేపే మా పిల్లలకి చెబుతాను.

ప్రిపోజిషన్ల దగ్గర మాత్రం నేను నా మాట మీదే ఉంటాను, అక్కడ తెలుగు నిజంగానే తప్పుదోవ పట్టిస్తుంది. "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్" రాస్తాం. "డిస్కస్" పక్కన "అబౌట్" రాకూడదు. "ఆమెతో పెళ్లయింది" కాబట్టి "మ్యారీడ్ విత్" రాస్తాం, "మ్యారీడ్ టు" కావాలి. "కాఫీ కంటే టీ ఇష్టం" కాబట్టి "ప్రిఫర్ టీ దాన్ కాఫీ" అంటాం, "టు కాఫీ" కావాలి. "నాకంటే సీనియర్" కూడా అంతే, "సీనియర్ టు మీ". "నాకు వివరించండి" ని "ఎక్స్‌ప్లెయిన్ మీ" చేస్తాం, "ఎక్స్‌ప్లెయిన్ టు మీ" కావాలి. వీటికి లాజిక్ వెతుక్కుంటూ కూర్చోవద్దు, జతగా గుర్తుపెట్టుకోవడమే. రోజుకి కొన్నే చాలు, కానీ ప్రతి జతతో మీ సొంత వాక్యం ఒకటి రాయండి, మీ ఇంటి గురించో మీ వీధి గురించో.

ఇంకొక గుంపు: ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, లగేజ్, సీనరీ. వీటి చివర "ఎస్" కనిపిస్తే ఇక మిగతా వాక్యం చూడక్కర్లేదు.

జమ్మికుంట_రీడర్ | మంగళవారం రాత్రి 10:10

అక్కా, సార్, ఇప్పుడు తప్పులు కనిపిస్తున్నాయి. కానీ టైమ్ సరిపోవడం లేదు. ఒక్కో వాక్యానికి నిమిషం పైనే పడుతోంది. ప్రిలిమ్స్‌లో ఇంగ్లీష్ 30 ప్రశ్నలకి 20 నిమిషాలే కదా.

అశోక్‌నగర్_మెట్లు | మంగళవారం రాత్రి 10:26

సగటున ప్రశ్నకి 40 సెకన్లు. ప్యాసేజ్ చదవడానికే అయిదారు నిమిషాలు పోతాయి కాబట్టి గ్రామర్ ప్రశ్నలు అంతకంటే తొందరగా తేలాలి. కానీ ఇప్పుడే స్టాప్‌వాచ్ పెట్టకు. మొదటి కొన్ని వారాలు టైమ్ లేకుండా, ప్రతి వాక్యంలో తప్పు ఏ రకమో పేరు పెట్టి చెయ్యి. వెర్బ్, టైమ్, పోలిక, ప్రిపోజిషన్, ప్రొనౌన్, ప్యారలల్, అంతే. పేరు పెట్టడం అలవాటైతే వేగం తర్వాత వస్తుంది. వేగం ముందు, అలవాటు తర్వాత అనుకున్నవాళ్లు చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన చాలామంది కూర్చున్నారు, మాక్ తర్వాత మాక్ రాస్తారు, స్కోర్ అక్కడే ఉంటుంది.

ఐబీపీఎస్‌లో సెక్షనల్ కటాఫ్ ఉందని మాత్రం మర్చిపోకు. రీజనింగ్‌లో ఎంత ఎక్కువ వచ్చినా ఇంగ్లీష్‌లో కటాఫ్ దాటకపోతే మెయిన్స్‌కి పోలేవు. ఎస్‌బీఐ ప్రిలిమ్స్‌లో ఆ కటాఫ్ లేదు. క్లర్క్ పరీక్షలో మిగతా సెక్షన్లు తెలుగులో రాసుకునే వీలుంది, ఇంగ్లీష్ సెక్షన్ మాత్రం ఇంగ్లీషే.

గోదారి_గట్టు | బుధవారం ఉదయం 5:50

నోట్‌బుక్ గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నానండి. తప్పు పోయిన వాక్యాన్ని అలాగే దించుకోవడం వల్ల పెద్ద లాభం లేదు. మూడు ముక్కలు రాయాలి: ఏ రకం తప్పు, నేను ఏది టిక్ పెట్టాను, అప్పుడు నాకేమనిపించి పెట్టాను. ఆ మూడోదే ముఖ్యం అండి. "మార్కెట్స్ హావ్ పక్కపక్కన చూసి సరే అనుకున్నాను" అని రాసుకుంటే మీ బలహీనత మీకు పేరుతో సహా దొరుకుతుంది. వారం చివర తిరగేస్తే అవే రెండు మూడు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ప్రాక్టీస్ అంతా వాటి మీద పెట్టండి.

అదృష్టం కొద్దీ కరెక్ట్ అయినవి కూడా రాయండి. మార్కు వచ్చింది కదా అని వాటిని వదిలేస్తారు, అసలు పరీక్షలో దెబ్బకొట్టేది అవే.

బస్టాండ్_బ్యాచ్ | బుధవారం ఉదయం 8:15

ప్రాక్టీస్‌కి మెటీరియల్ ఏది నమ్మాలి? ఒక యాప్‌లో ఒకే వాక్యానికి ఒక ఆన్సర్, ఇంకో పీడీఎఫ్‌లో ఇంకో ఆన్సర్ ఉంది. టెన్షన్ వచ్చేస్తోంది.

అశోక్‌నగర్_మెట్లు | బుధవారం ఉదయం 9:03

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. బ్యాంక్‌కి ప్రిపేరైనా సరే, ఎర్రర్ స్పాటింగ్ ఎస్ఎస్‌సీ పాత పేపర్లతో చెయ్యండి. ఐబీపీఎస్ తన ప్రశ్నపత్రాలు బయటపెట్టదు. మార్కెట్లో దొరికే ఐబీపీఎస్ పాత పేపర్లు రాసినవాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినవి, మెమరీ బేస్డ్ అంటారు. రీజనింగ్ పజిల్ అలా గుర్తు చేసుకున్నా పెద్దగా పాడవదు. గ్రామర్ వాక్యంలో ఒక్క "ద" మర్చిపోయినా, ఒక "ఇన్" ని "ఆన్" చేసినా ప్రశ్నే మారిపోతుంది. ఎస్ఎస్‌సీ మాత్రం అభ్యర్థి రెస్పాన్స్ షీట్, ఆన్సర్ కీ ఇస్తుంది, అభ్యంతరాలు తీసుకున్నాక ఫైనల్ కీ ఇస్తుంది. వాక్యం అక్షరం పోకుండా ఉంటుంది.

ప్యాటర్న్ తేడా ఉంటుంది. ఎస్ఎస్‌సీలో వాక్యాన్ని ముక్కలు చేసి ఏ ముక్కలో తప్పో అడుగుతారు, లేదా గీత గీసిన భాగాన్ని మార్చమంటారు. బ్యాంకుల్లో కాలమ్స్ కలపడం, పదాలు తారుమారు చేయడం లాంటివీ వస్తాయి. వాటికోసం చివర్లో మంచి మాక్ సిరీస్ ఒకటి చాలు. పునాది ఎస్ఎస్‌సీ పేపర్ల మీద కట్టుకోండి.

లెక్కల_బాబాయ్ | బుధవారం మధ్యాహ్నం 1:30

గ్రామర్ నాకంత రాదు కానీ "నో ఎర్రర్" పెట్టాలా, వదిలెయ్యాలా అనే ప్రశ్నకి లెక్క చెప్తాను.

బ్యాంక్ ప్రశ్నలో అయిదు ఆప్షన్లు, తప్పుకి పావు మార్కు కోత అనుకోండి. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే: అయిదుసార్లలో ఒకసారి ఒక మార్కు వస్తుంది, నాలుగుసార్లు పావు చొప్పున ఒక మార్కు పోతుంది. మొత్తం సున్నా. లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్ ఖచ్చితంగా కాదని కొట్టేయగలిగితే మిగిలినవి నాలుగు. ఒక మార్కు వస్తుంది, ముప్పావు పోతుంది. అంటే లాభం మీ వైపు.

ఎస్ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీవాళ్లకి పెట్టే పరీక్ష) టైర్ 1 వేరు. నాలుగు ఆప్షన్లు, ప్రశ్నకి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. నాలుగుసార్లలో 2 వస్తాయి, 1.50 పోతాయి. గుడ్డిగా పెట్టినా సగటున కొంచెం లాభమే. టైర్ 2 ఇంగ్లీష్‌లో ప్రశ్నకి 3, తప్పుకి 1 కోత, అక్కడ మళ్లీ సున్నా. ఇంగ్లీష్ 45 ప్రశ్నలు, 135 మార్కులు ఉంటాయి కాబట్టి అక్కడ గుడ్డిగా పెట్టకండి.

జమ్మికుంట బాబూ, నువ్వు తేలని ప్రతిసారీ "నో ఎర్రర్" కే వెళ్తున్నావు. దాన్ని ఊతకర్రలా వాడకు. వెర్బ్, టైమ్, పోలిక, ప్రిపోజిషన్ అన్నీ చూశాక కూడా ఏమీ దొరక్కపోతే అప్పుడు పెట్టు. చూడకముందే పెడితే అది గుడ్డి టిక్కు కిందే లెక్క.

జమ్మికుంట_రీడర్ | బుధవారం రాత్రి 9:35

బాబాయ్, ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకుంటాను.

ప్లానో_నుంచి | గురువారం ఉదయం 6:40

ఇక్కడ డల్లాస్ పక్కన ఉంటాను, ఎంబీఏకి చూస్తున్నాను. జీమ్యాట్ సెంటెన్స్ కరెక్షన్‌కి తెలుగువాళ్లు ఎవరైనా కలిసి ప్రాక్టీస్ చేస్తారా? ఇండియాలో ఉన్న మా కజిన్ పాత పుస్తకాలు పంపిస్తానంటున్నాడు.

బెంగళూరు_బస్ | గురువారం ఉదయం 8:20

అన్నా, పుస్తకాలు తెప్పించకండి, ఆగండి! 2023 నవంబర్ 7న వచ్చిన కొత్త జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ తీసేశారు. వెర్బల్ 23 ప్రశ్నలు, 45 నిమిషాలు, అందులో రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్ మాత్రమే. పాత పరీక్ష 2024 జనవరి 31తో ఆగిపోయింది. జీఆర్‌ఈలోనూ సెంటెన్స్ కరెక్షన్ లేదు. అక్కడ టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్, రీడింగ్. మీ టైమ్ అంతా క్రిటికల్ రీజనింగ్ మీద పెట్టండి.

ఇండియాలో ఎంబీఏ కోసం క్యాట్‌కి చదివేవాళ్లు కూడా గమనించండి, ఇప్పుడు అక్కడ పేరా జంబుల్స్, పేరా సమ్మరీ, ప్యాసేజ్‌లే ప్రధానం. సెంటెన్స్ కరెక్షన్ కోసం నెలలు ఖర్చుపెట్టాల్సింది బ్యాంక్, ఎస్ఎస్‌సీ, క్యాంపస్ పరీక్షల వాళ్లు.

ప్లానో_నుంచి | గురువారం ఉదయం 8:45

చాలా పెద్ద సాయం చేశారు తమ్ముడూ. కజిన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను.

నంద్యాల_హాస్టల్ | గురువారం ఉదయం 9:10

ఆ పాత జీమ్యాట్ ప్రశ్నలు మాకు పనికొస్తాయా మరి? లెవెల్ ఎక్కువ కదా, అవి చేస్తే ఐబీపీఎస్ ఈజీ అవుతుందని ఒకాయన అన్నాడు.

బెంగళూరు_బస్ | గురువారం ఉదయం 9:32

అందరికీ అక్కర్లేదు. వాటిలో వాక్యాలు మూడు నాలుగు లైన్లు ఉంటాయి, గ్రామర్ ప్రకారం రెండు ఆప్షన్లు సరైనవే అనిపిస్తాయి, అర్థం ఏది సరిగ్గా నిలబెడుతుందో చూసి తేల్చాలి. ప్యారలలిజం, మాడిఫయర్, పోలిక, ఈ మూడింటికీ వాటికంటే మంచి సాధన దొరకదు. కానీ ప్రిపోజిషన్ జతలు, ఆర్టికల్స్, "హార్డ్‌లీ... వెన్", "నో సూనర్... దాన్" లాంటి మన పరీక్షల ఇష్టమైన ప్రశ్నలు వాటిలో తక్కువ. మెయిన్స్ దశలో వారానికి కొన్ని చేస్తే మంచిది. ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు చేస్తే నిరుత్సాహం వస్తుంది.

ఫైనల్_ఇయర్_సిరి | గురువారం సాయంత్రం 5:05

నాది క్యాంపస్ టెస్ట్. నెలన్నర ఉంది. సేమ్ పద్ధతి సరిపోతుందా అక్కా?

కౌంటర్_అక్క | గురువారం రాత్రి 8:40

సరిపోతుందమ్మా. ఒక్క తేడా: యామ్‌క్యాట్ లాంటి అడాప్టివ్ టెస్టుల్లో దాటిన ప్రశ్నకి వెనక్కి రాలేవు, నీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. బ్యాంక్ వాళ్లలా "తర్వాత చూద్దాం" అని వదిలేసే అలవాటు నీకు వద్దు. ఇంట్లో చేసేటప్పుడు కూడా వరసగానే చెయ్యి. ఇంటర్వ్యూలో "మైసెల్ఫ్ సిరి" అని మొదలుపెట్టొద్దు, "ఐ యామ్ సిరి". "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" కాదు, "ఐ హావ్ టూ బ్రదర్స్". ఉండటం, తెలియడం, ఇష్టపడటం లాంటి స్థితులకి "ఇంగ్" పెట్టరు.

గ్రూప్స్_దీక్ష | గురువారం రాత్రి 9:15

గ్రూప్-1 వాళ్లకి ఒక్క మాట. రెండు రాష్ట్రాల మెయిన్స్‌లోనూ ఇంగ్లీష్ క్వాలిఫయింగ్ పేపర్. ర్యాంక్‌లో ఆ మార్కులు కలవవు కానీ అందులో క్వాలిఫై కాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. పదో తరగతి స్థాయే కదా అని చివరికి వదిలేయకండి.

జమ్మికుంట_రీడర్ | శుక్రవారం రాత్రి 9:50

ఈరోజు ఒక పాత ఎస్ఎస్‌సీ సెట్ టైమ్ లేకుండా చేశాను. తేలనివి మూడు ఉన్నాయి, కొంచెం చూడరా?

"హీ ఈజ్ వన్ ఆఫ్ ద ఆఫీసర్స్ హూ హాజ్ సైన్డ్ ద లెటర్." ఇక్కడ "వన్ ఆఫ్" కి సింగులర్ వెర్బ్ కదా, "హాజ్" కరెక్ట్ అనుకున్నాను.
"షీ నాట్ ఓన్లీ స్పీక్స్ తెలుగు బట్ ఆల్సో తమిళ్."
"అన్‌లెస్ యూ డు నాట్ వర్క్ హార్డ్, యూ విల్ నాట్ పాస్."

కౌంటర్_అక్క | శుక్రవారం రాత్రి 10:30

మొదటిదాంట్లో వెర్బ్‌లు రెండున్నాయి చూడు. "ఈజ్" కి సబ్జెక్ట్ "హీ". "హాజ్ సైన్డ్" కి సబ్జెక్ట్ "హూ". ఆ "హూ" ఎవరిని సూచిస్తోంది? ఉత్తరం మీద సంతకం పెట్టిన ఆఫీసర్లు చాలామంది, వాళ్లలో ఇతనొకడు. కాబట్టి "హూ హావ్ సైన్డ్". అదే "వన్ ఆఫ్ ద ఆఫీసర్స్ హాజ్ సైన్డ్" అని "హూ" లేకుండా ఉంటే "హాజ్" సరైనదే. "ద ఓన్లీ వన్ ఆఫ్ ద ఆఫీసర్స్ హూ" అంటే మళ్లీ "హాజ్", ఎందుకంటే సంతకం పెట్టినవాడు ఒక్కడే.

రెండోది ప్యారలల్. "నాట్ ఓన్లీ" తర్వాత వెర్బ్ వచ్చింది, "బట్ ఆల్సో" తర్వాత భాష పేరు వచ్చింది. రెండు వైపులా ఒకే రకం ఉండాలి. "షీ స్పీక్స్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో తమిళ్."

మూడోది సార్ చెబితే బాగుంటుంది.

తెలుగు_సార్ | శనివారం ఉదయం 6:10

"అన్‌లెస్" లోనే "లేకపోతే" ఉంది నాయనా. "కష్టపడకపోతే పాసవ్వవు" లోని "పోతే" అంతా ఆ ఒక్క పదమే మోస్తోంది. మళ్లీ "డు నాట్" పెడితే అర్థం తిరగబడుతుంది. "అన్‌లెస్ యూ వర్క్ హార్డ్" అంటే చాలు. "లెస్ట్" కూడా అంతే, దాని వెంట "నాట్" రాకూడదు, "షుడ్" రావచ్చు.

గోదారి_గట్టు | శనివారం ఉదయం 7:45

బాగా జరుగుతోందండి. అందరూ ఒకటి ప్రయత్నించండి, ఆప్షన్లు లేకుండా, కారణంతో సహా రాయాలి:

"ద నంబర్ ఆఫ్ క్యాండిడేట్స్ హూ హాజ్ అప్లైడ్ ఫర్ దీజ్ పోస్ట్స్ హావ్ ఇంక్రీజ్డ్."

నంద్యాల_హాస్టల్ | శనివారం ఉదయం 8:20

"ద నంబర్ ఆఫ్" కి సింగులర్. కాబట్టి చివర్లో "హాజ్ ఇంక్రీజ్డ్". ఒక తప్పు అదే.

ఫైనల్_ఇయర్_సిరి | శనివారం ఉదయం 8:34

"ఎ నంబర్ ఆఫ్" అయితే ప్లూరల్ కదా, అప్పుడు "హావ్" ఉండనిస్తారా?

గోదారి_గట్టు | శనివారం ఉదయం 8:50

అవునమ్మా, "ఎ నంబర్ ఆఫ్ క్యాండిడేట్స్ హావ్ అప్లైడ్" సరైనదే, అక్కడ అర్థం "చాలామంది". ఇక్కడ "ద" ఉంది, అంటే "సంఖ్య". నంద్యాల తమ్ముడు ఒకటి పట్టాడు. ఇంకొకటి ఉంది.

జమ్మికుంట_రీడర్ | శనివారం ఉదయం 9:05

వెర్బ్‌లు రెండు. "హాజ్ అప్లైడ్" కి సబ్జెక్ట్ "హూ". "హూ" అంటే క్యాండిడేట్స్. అప్లై చేసింది మనుషులు, సంఖ్య కాదు. కాబట్టి "హూ హావ్ అప్లైడ్". మధ్యదంతా కొట్టేస్తే మిగిలింది "ద నంబర్... హావ్ ఇంక్రీజ్డ్", అది "హాజ్". మొత్తం: "ద నంబర్ ఆఫ్ క్యాండిడేట్స్ హూ హావ్ అప్లైడ్ ఫర్ దీజ్ పోస్ట్స్ హాజ్ ఇంక్రీజ్డ్."

గోదారి_గట్టు | శనివారం ఉదయం 9:11

రెండూ దొరికాయి, కారణాలూ సరిగ్గా ఉన్నాయండి. సాయంత్రం ప్రొనౌన్ల మీద ఒక సెట్ పెడతాను.